సముద్రం ఒడ్డున మా ఇంటి పాట

ఆ రోజుల్లో ఉద్యోగం ఒక్కటి వస్తే చాలు, మనిషి పుట్టిన ఊరు కూడా దానంతటదే మారిపోతుందని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. మాది హుజూర్‌నగర్‌కూ నేరేడుచర్లకూ మధ్య ఒక చిన్న ఊరు. బస్సు ఆగుతుంది గాని కండక్టరు ఊరి పేరు పిలవడు, "దిగేటోళ్లు దిగుర్రి" అంటాడు, అంతే. అలాంటి ఊరి నుంచి పోయి సూర్యాపేటలో డిగ్రీ చదివి, ఆంధ్రా తీరంలో ఒక పెద్ద పట్నంలో, సముద్రానికి ఎదురుగా కట్టిన నాలుగంతస్తుల షాపింగ్ సెంటర్లో ఉద్యోగం సంపాదించాను. చేరిన మొదటి రోజే ఊరు మార్చేశాను. ఎవరడిగినా "మాది కోదాడ అండీ" అనేవాణ్ణి. (కోదాడ సరిహద్దు ఊరు. అక్కడి మాటలో ఎలాగూ సగం ఆంధ్రా యాస కలిసి ఉంటుంది కాబట్టి నా మాట ఎక్కడైనా జారినా "కోదాడ కదా" అని సరిపెట్టుకుంటారని నా ఎత్తు. ఇంత దూరం ఆలోచించినవాణ్ణి ఇంకొక్క అడుగు ముందుకు ఆలోచించి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.) రోజూ పొద్దున అద్దం ముందు నిలబడి "ఉంటుందండి, అవుతుందండి, వెళ్తానండి" అని సాధన చేసేవాణ్ణి. రెండు నెలలకు నా పేరు అందరూ మరిచిపోయి కోదాడ అనే పిలవడం మొదలుపెట్టారు. నాకు అది గొప్ప విజయంలా ఉండేది.

ఊరితో ఆగలేదు. ఉద్యోగం కాగితంలో తండ్రి వృత్తి అని ఒక గడి ఉంది. గొర్రెలు కాస్తాడని రాయడానికి చెయ్యి రాలేదు. చాలాసేపు కలం నమిలి "పశుసంపద రంగం" అని రాశాను. మా మేనేజరు గారు అది చదివి "డెయిరీనా?" అని అడిగితే అవుననీ కాదనీ తేలకుండా తల ఊపాను. మా నాయన, మా పెద్దనాయన కలిసి నూట పది గొర్రెలు కాసేవాళ్ళు. ఒకప్పుడు అంతకు రెట్టింపు ఉండేవి, నేను సూర్యాపేట హాస్టల్లో ఉన్నప్పుడు రోగమొచ్చి సగం పోయాయని ఇంట్లో చెప్పారు. అయ్యో అనుకున్నాను, పరీక్షలు ఉన్నాయి కదా, మరిచిపోయాను.

సెంటర్ కింది అంతస్తులో బట్టల దుకాణాలకూ ఐస్‌క్రీమ్ దుకాణాలకూ మధ్య నుంచి "చరిత్ర నడవ" అని ఒకటి ఉండేది. గోడల మీద పాత రేవు ఫొటోలు, ఒక తుప్పు పట్టిన లంగరు, చేపల వలలు, ఒక చెక్క పడవ, లైట్‌హౌస్ నమూనా. నడవ చివర సముద్రం కనిపించే అద్దాల హాలు, అందులో చిన్న వేదిక. ఆదివారం సాయంత్రం అక్కడ ఏదో ఒక ఆటో పాటో ఉంటుంది. వచ్చినవాళ్ళకు నడవలో చరిత్ర చెప్పడం, హాల్లో ఆటపాటలు కుదర్చడం, మైకు పట్టుకుని ప్రకటనలు చెయ్యడం నా పని. (ఆ ఉద్యోగంలో చేరేదాకా నేను చూసిన పెద్ద నీళ్ళు వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోటే. అలాంటివాణ్ణి తరతరాలుగా సముద్రం మీద బతికినవాళ్ళ మనవలకు వాళ్ళ రేవు చరిత్ర చెప్పేవాణ్ణి. పాపం, వాళ్ళు శ్రద్ధగా వినేవాళ్ళు కూడా.)

మా మేనేజరు గారిని మేమంతా చాటుగా రూల్సు సారు అనేవాళ్ళం. "రూల్ ఏంటంటే" అనకుండా ఆయన టీ కూడా తెప్పించుకోడు. నేను చేరి ఆర్నెల్లు నిండబోతున్న వారం ఆయన నన్ను పిలిచి, వరసగా ఐదు వారాలు అదే కోలాటం, అదే పిల్లల డాన్సు పెట్టానని, చూసీ చూసీ ఆయనకే అడుగులు వచ్చేశాయని మందలించాడు. తరువాత అసలు మాట చెప్పాడు. "వచ్చే ఆదివారం ఓనరమ్మ గారు వస్తున్నారు. కొత్తదేదైనా పెట్టండి. ఆవిడకు నచ్చితే మీ ఉద్యోగం పర్మనెంటు. లేదంటే, రూల్ ఏంటంటే, ఆర్నెల్లు దాటాక మిమ్మల్ని ఎందుకు తీసేశామో కూడా మేం చెప్పక్కర్లేదు."

భయంలో నోరు నా మాట వినలేదు. మా వైపు ఇంటి పాటలు పాడేవాళ్ళున్నారండీ అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడానికి లేదు, ఆయన అప్పటికే పుస్తకంలో రాసుకుంటున్నాడు.

ఇంటి పాట అంటే మీకు చెప్పాలి. మా వైపు గొర్రెలు కాసే ఇళ్ళకు వంశం పాడేవాళ్ళు వేరే ఉంటారు. ఏ ఇంటికి ఎవరు పాడాలో తాతల కాలం నుంచే ఖాయం. ఏడాదికోసారి వచ్చి వాకిట్లో నిలబడి, డోలు కొడుతూ ఆ ఇంటి ఏడు తరాలను వరసపెట్టి పాడతారు. పాట ముగిశాక ఇంటిని పిలుస్తారు. మూడు పిలుపుల లోపల ఆ ఇంటివాళ్ళు ఎవరో ఒకరు పలికి, పొట్టేలు ఇస్తున్నామని చెప్పి, పొట్టేలు తాడు పాటగాడి చేతిలో పెట్టాలి. మూడో పిలుపుకు కూడా ఎవరూ పలకకపోతే ఆ ఇంటికీ ఆ పాటకూ తెగిపోయినట్టే, ఆయన మళ్ళీ ఆ గడప తొక్కడు, ఇంకెవరూ ఆ ఇంటిని పాడరు. అలా తెగిన ఇంటి పేరు నేనెప్పుడూ వినలేదు. మా ఇంటికి పాడే ముసలాయనను పాటల తాత అనేవాళ్ళం. మేనేజరు గారికి పాట సంగతి చెప్పాను గాని పొట్టేలు సంగతి చెప్పలేదు. ఆ అవసరం వస్తుందని నాకు తోచనే లేదు, పాట మా వాకిట్లో కాదు కదా.

ఫోన్ చేస్తే పెద్దనాయన ఎత్తాడు. తాతను ఆదివారానికి పంపమని నేను చెబుతుంటే సగంలోనే ఆపి, తాతకు దారి తెలియదు కాబట్టి తానే వెంట వస్తానని, తానూ ఎన్నడూ సముద్రం చూడలేదని, మందను మా నాయన చూసుకుంటాడని గబగబా తేల్చేశాడు. పెద్దనాయన అంటే నాకు ప్రాణమే. కానీ మా పెద్దనాయన నోరు విప్పితే నా కోదాడ కొట్టుకుపోతుంది.

ఆదివారం పొద్దున బస్టాండుకు వెళ్ళాను. కోదాడలో ఎక్కిన బస్సులోంచి ఇద్దరూ దిగారు. తాత తెల్ల పంచె, ఎర్ర రుమాలు, భుజాన డోలు. పెద్దనాయన ఆ ఉడుకులో, ఆ చెమటలో, భుజం మీద గొంగడి, చేతిలో కర్ర. "ఎండకాలం గొంగడెందుకు పెద్దనాయినా" అంటే, కొత్త జాగల గొంగడి లేకుండ ఎట్ల పోతరు అన్నాడు. టీ తాగిస్తూ, వాళ్ళ ముఖాలు చూడకుండా, నేను కూడబెట్టుకున్న మాట చెప్పాను. "గాడికి పోయినంక మీరు నన్ను ఎర్కలేనట్టే ఉండుర్రి." తాతకు అర్థం కాలేదు. ఎర్కైనోణ్ణి ఎర్కలేదని ఎట్లంటం అని అడిగాడు. పెద్దనాయన టీ గ్లాసు కింద పెట్టాడు. ఎందుకని అడగలేదు. "మంచిది బిడ్డా. నౌకరి నీది. మేం నోరు ఇప్పం" అన్నాడు. ఆ క్షణంలో నాకు కలిగింది సిగ్గు కాదు, హమ్మయ్య అనిపించింది. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మాట ఇచ్చాక పెద్దనాయన దాన్ని నిలబెట్టుకున్న తీరు చూసి నేను నివ్వెరపోయాను. గేటు దగ్గర సెక్యూరిటీ అతను కర్ర తీసుకుని టోకెన్ చేతిలో పెడితే కిక్కురుమనలేదు. ఎస్కలేటర్ దగ్గర మాత్రం ఆగిపోయాడు. కింద నుంచి మెట్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తుంటే నోరు తెరిచి చూసి, పక్క నుంచి పోతున్న నన్ను ఆపి, "సారూ, గీ మెట్లు ఏడికి పోతున్నయ్?" అని అడిగాడు. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి నన్ను సారూ అన్నాడు. "పైకి వెళ్తాయండీ" అన్నాను, ఇంకేం చెప్పను. "పోయినయి మల్ల దిగొస్తలేవు గద" అని అనుమానపడ్డాడు. మిగతా సమయమంతా నేను ఎదురుపడితే చాలు, తల పైకెత్తి కప్పులో దీపాలు చూసేవాడు. అంత గట్టిగా చూసేవాడు కాబట్టి మధ్యాహ్నానికే రూల్సు సారు నన్ను పక్కకు పిలిచి, ఆ పెద్దాయన మిమ్మల్ని చూస్తే ముఖం తిప్పుకుంటున్నాడు, మీ వైపు మీ రెండిళ్ళకూ ఏమైనా గొడవలా, పోలీసు కేసులా అని అడిగాడు.

అద్దాల హాలు తలుపు తీస్తే నేరుగా ఇసుకలోకి దిగొచ్చు. ఇద్దరూ దిగి చాలాసేపు నీళ్ళ అంచున నిలబడ్డారు. నేను లోపల నుంచి అద్దంలో చూశాను. పెద్దనాయన వంగి దోసిట్లో నీళ్ళు తీసి నోట్లో పోసుకుని, వెంటనే ఉమ్మేసి, తాత వైపు తిరిగి ఏదో చెప్పి, ఇద్దరూ పిల్లల్లా నవ్వారు. నాకు తలుపు తీసుకుని పోవాలనిపించింది. పోలేదు, ఎవరైనా చూస్తారు.

మధ్యాహ్నం నడవలో ఒక ఇరవై మందికి రేవు చరిత్ర చెబుతుంటే వెనక వరసలో పెద్దనాయన వచ్చి నిలబడ్డాడు. నేను రోజూ చెప్పేదే, ఏ దేశాల ఓడలొచ్చేవి, ఏం సరుకు దిగేది అని గడగడా చెప్పి ముగించాను. అందరూ కదులుతుంటే ఆయన, "సారూ, గీ పడవలెక్కినోళ్ల పేర్లేవి?" అన్నాడు. పేర్లు లేవండీ, ఇది నమూనా పడవ అన్నాను. ఆయన ఆ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, గోడల మీది ఫొటోలన్నీ చూసి, "గింత సరిత్రల ఒక్కలి పేరు లేదా" అని నిజంగానే బిత్తరపోయాడు. ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

సాయంత్రానికి మూడు వందల కుర్చీలు నిండాయి. ఓనరమ్మ గారు ముందు వరసలో నూలు చీరలో కూచున్నారు, పక్కన రూల్సు సారు. వేదిక పక్కన తెర వెనక పాటల తాత డోలు సవరించుకుంటూ నన్ను పట్టుకుని, ఎవరింటి పాట పాడాలె అని అడిగాడు. ఇది నేను ఊహించని ప్రశ్న. ఏదో ఒకటి పదిహేను నిమిషాలు పాడమన్నాను. ఆయనకు కోపం రాలేదు గాని, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. పాట అంటే ఒక ఇంటిది, ఇల్లు లేని పాట ఎట్ల పాడుతరు అని. అయితే ఈ సెంటర్ పాటే పాడు తాతా అన్నాను. ఇది కట్టి ఎన్ని తరాలైంది అన్నాడు. నాలుగేళ్ళు అన్నాను. "నాలుగేండ్ల ఇంటికి ఏం పాటుంటది బిడ్డా" అని జాలిపడ్డాడు. అవతల రూల్సు సారు వాచీ చూసుకుంటున్నాడు. నేను విసుగ్గా, "నీకు ఏది వస్తే గదే పాడు తాతా" అనేసి మైకు తీసుకుని వేదిక ఎక్కాను. ఆ ఒక్క మాట నా కొంప ముంచింది.

తాత డోలు మీద దెబ్బ వెయ్యగానే హాలు నిశ్శబ్దమైంది. ఆయన గొంతు పెద్దది, మైకు అక్కర్లేదు. మూసీ పొంగిన నాడు మెడలోతు నీళ్ళల్ల మందను దాటించినోడు అని మొదలుపెట్టాడు. వాని కొడుకు, ఉత్త చేతుల తోడేలును తరిమినోడు. వాని కొడుకు, కరువు నాడు తన నోటి ముద్ద గొర్రెపిల్లకు పెట్టినోడు. రెండో మనిషి దగ్గరే నేను పోల్చుకున్నాను. చిన్నప్పటి నుంచి ఏటా మా వాకిట్లో విన్నది ఇదే. ఆయనకు వచ్చిన పాట ఇది, ఆ హాల్లో ఆయనకు తెలిసిన ఇల్లు ఒక్కటే, అది నాది. జనం చప్పట్లు కొడుతున్నారు. ఓనరమ్మ గారు ముందుకు వంగి వింటున్నారు. నేను మాత్రం పాట ఒక్కో తరం దిగి నా దగ్గరికి వస్తుంటే, బస్సు మీదికొస్తున్నా కాలు కదలనివాడిలా నిలబడిపోయాను.

పెద్దనాయన వచ్చాడు పాటలో, వడగండ్లకు గొంగడి గొర్రెలకు కప్పి తాను తడిసినోడు. తరువాత మా నాయన వంతు. మా నాయన గురించి ఏటా పాడే మాట నాకు తెలుసు, పేరుకు ఒక మంచి మాట, అంతే. కానీ ఆ రోజు తాత కొత్త మాట పాడాడు. "కొడుకు సదువుకు సగం మంద అమ్మినోడు, అమ్మి రోగమొచ్చిందని కొడుకుతోని అన్నోడు" అని. హాస్టల్లో, ఆ తరువాత ఇక్కడ ఉండి నాలుగేళ్ళుగా ఈ పాటకు నేను ఇంట్లో లేను. నాలుగేళ్ళుగా మా ఊళ్ళో అందరూ విన్న మాట నేను మూడు వందల మంది పరాయివాళ్ళ మధ్య మొదటిసారి విన్నాను. తేరుకునే లోపల తాత పాటలో నా దగ్గరికి వచ్చేశాడు. "వాని కొడుకు సదివిండు, సముద్రం కాడ నౌకరి జేస్తున్నడు, ఇంక పాటకు అందే పని ఏం జేయలే" అన్నాడు. హాలంతా నవ్వింది. రూల్సు సారు కూడా నవ్వాడు, ఆ నౌకరివాడు తన ఎదుటే మైకుతో ఉన్నాడని తెలియక.

అప్పుడు డోలు ఆగింది. తాత రెండు చేతులూ చాచి, "ఇంటోళ్లు ఉన్నరా, పలుకుర్రి" అని పిలిచాడు. మర్యాద ప్రకారం పలకాల్సింది ఇంటి పెద్ద, అంటే మూడో వరసలో గొంగడి ఒళ్ళో పెట్టుకుని కూచున్న పెద్దనాయన. ఆయన నోరు తెరిచాడు. తెరిచి, నా వైపు చూశాడు. తాను పలికితే తానెవరో తెలుస్తుంది, తానెవరో తెలిస్తే నేనెవరో తెలుస్తుంది. ఆయన నోరు మూసుకుని తల ఎత్తి కప్పులో దీపాలు చూశాడు.

జనం ఇది ఆటలో భాగం అనుకుని అటూ ఇటూ చూసి నవ్వుకుంటున్నారు. తాత రెండోసారి పిలిచాడు. రూల్సు సారు వేదిక అంచుకు వచ్చి, అయిపోయినట్టుంది, చప్పట్లు కొట్టించండి అని గుసగుసగా అన్నాడు. నేను మైకు నోటి దగ్గర పెట్టుకుని కూడా మాట్లాడలేదు. పలికితే ఉద్యోగం, కోదాడ, పశుసంపద రంగం అన్నీ పోతాయి. పలకకపోతే ఏడు తరాల పాట నా ముందు తెగిపోతుంది. ఇంత తెలిసి కూడా, పాటలో మా నాయన సంగతి విని కూడా, నేను రెండో పిలుపుకు పలకలేదు. తాత ఇప్పుడు నన్ను చూడటం లేదు, పెద్దనాయనను చూడటం లేదు, నేల చూస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి, ఏ వాకిట్లోనూ ఇలా నిలబడి ఉండడు. మూడోసారి ఆయన గొంతు లేవలేదు. "ఇంటోళ్లు..." అన్నాడు, అడుక్కున్నట్టు.

"పలుకుతున్న తాతా. ఇంటోళ్లం ఈడనే ఉన్నం. పొట్టేలు ఇస్తున్నం."

మైకు నా చేతిలోనే ఉందని మరిచాను. నా మాట నాలుగంతస్తుల స్పీకర్లలో, బట్టల దుకాణాల్లో, కార్ల పార్కింగులో కూడా వినబడింది. ఆర్నెల్లు అద్దం ముందు చేసిన సాధన అంతా ఒక్క పెట్టున పోయింది. పెద్దనాయన లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుని, పొద్దున్నుంచి మొదటిసారి నాతో నా మనిషిలా మాట్లాడాడు. "తాడు పెట్టు బిడ్డా" అన్నాడు. తాడెక్కడిది? జేబులు తడుముకున్నాను, వేదిక మీద పూలదండ తప్ప ఏమీ లేదు. తాత చెయ్యి చాచే ఉంది. గాభరాలో మెడలో ఉన్న ఐడీ కార్డు టేపు చేతికి తగిలింది. లాగి తీసి, కార్డుతో సహా ఆయన చేతిలో పెట్టాను. తాత దాన్ని కళ్ళకద్దుకుని డోలుకు కట్టుకున్నాడు. హాలు మారుమోగిపోయింది.

అందరూ చప్పట్లు కొడుతుంటే రూల్సు సారు ఒక్కడికీ వేరే భయం పట్టుకుంది. పాలిపోయిన ముఖంతో నా దగ్గరికి వచ్చి, "పొట్టేలు ఎక్కడుందండీ? లోపలే ఉందా?" అన్నాడు. నేను జవాబు చెప్పే లోపలే, జంతువులకు ప్రవేశం లేదన్న రూల్ గుర్తొచ్చి, సెక్యూరిటీ వాళ్ళందరినీ పిలిచి నాలుగంతస్తులూ వెతికించాడు. (లిఫ్టులో ఒకరు, పార్కింగులో ఇద్దరు. చీరల దుకాణంలో ట్రయల్ రూములు కూడా చూశారని తరువాత తెలిసింది.)

ఓనరమ్మ గారు ఆఫీసు గదికి పిలిపించారు. నిలబెట్టి, మీది డెయిరీ అన్నారటగా అని అడిగారు. అన్నీ చెప్పేశాను, ఊరు, మంద, బస్టాండులో చెప్పిన మాటతో సహా. ఆవిడ నవ్వలేదు, తిట్టలేదు. రూల్సు సారు మాత్రం, ఐడీ కార్డు పరాయివాళ్ళ చేతికి ఇస్తే రాజీనామా కిందే లెక్క, కార్డు లేకుండా రేపు లోపలికి రానివ్వడానికి లేదని చెప్పాడు. పరుగెత్తి తాతను కార్డు అడిగాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, తాడు చేతికొచ్చినంక పొట్టేలు వచ్చేదాక ఎవలన్న ఇస్తరా అన్నాడు. నాకు మతిపోయింది. ఉద్యోగానికి కార్డు కావాలి, కార్డుకు పొట్టేలు కావాలి, పొట్టేలు హుజూర్‌నగర్ అవతల ఉంది. నేను తిరిగొచ్చి ఈ లెక్క చెప్పేసరికి ఓనరమ్మ గారు అప్పుడు నవ్వారు, పమిట నోటికి అడ్డం పెట్టుకుని. "వెళ్ళి ఇచ్చేసి రండి. కార్డు తెచ్చుకుని బుధవారం డ్యూటీ ఎక్కండి" అన్నారు. రూల్సు సారు ఏదో అనబోతే, రూలు నేను చూసుకుంటాలెండి అన్నారు.

మర్నాడు ముగ్గురం ఊరు చేరాం. మా నాయన మంద దగ్గర ఉన్నాడు. నేను నేరుగా పోయి, సగం మంద అమ్మిన సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. కోపంగా అడుగుదామనుకున్నది బతిమాలినట్టు వచ్చింది. ఆయన గొర్రె కాలి గిట్టలో ముల్లు తీస్తూ, తల ఎత్తకుండానే, "నీకు చెప్తే సదువు ఆగుతది. పాటోనికి మాత్రం అబద్ధం చెప్పొద్దు గద" అన్నాడు. నేను అక్కడే మట్టిలో కూచుండిపోయాను. కాసేపటికి ఆయనే, పో, మంచి పొట్టేలును పట్టు, ఇచ్చేటోడే పట్టాలె అని పంపాడు. అందరికంటే పెద్దదాన్ని పట్టుకోబోయాను. ఆర్నెల్లుగా ఏసీలో ఉన్న ఒళ్ళు, అది నన్ను ఆఫీసు బూట్లతో సహా దొడ్డి చుట్టూ రెండుసార్లు ఈడ్చింది. పెద్దనాయన ఆపలేదు, గొంగడి పరుచుకుని కూచుని నిమ్మళంగా చూశాడు. చివరికి అసలు తాడు తాత చేతిలో పెట్టి కార్డు వెనక్కి తీసుకున్నాను. బుధవారం డ్యూటీ ఎక్కాను. ఉద్యోగం ఖాయమైంది. అందరూ మళ్ళీ కోదాడ అనే పిలిచారు, నేను మాత్రం మా ఊరి పేరు చెప్పడం మొదలుపెట్టాను. ఎవరికీ నోరు తిరిగేది కాదు.

ఇప్పుడు నేను మిర్యాలగూడలో ఉంటున్నాను. ఏడాదికోసారి, తాత వచ్చే రోజుకు, భార్యనూ కూతుర్నీ తీసుకుని ఊరికి పోతాను. తాతకు చూపు తగ్గింది గాని పాట తగ్గలేదు. నా వంతు ఇప్పుడు ఖాళీగా లేదు. మూసీ దాటినోడు, తోడేలును తరిమినోడు, ముద్ద పెట్టినోడు, తడిసినోడు, మంద అమ్మినోడు, అందరూ అయ్యాక నా మాట వస్తుంది. "సముద్రం కాడ రెండు పిలుపులు ఇని పలకనోడు, మూడో పిలుపుకు పలికినోడు."

ఊరంతా పకపకా నవ్వుతుంది. మొదటి ఏడాది తాతను చాటుకు తీసుకుపోయి బతిమాలాను, ఆ మొదటి సగం తీసెయ్యి తాతా, పలికినోడు అంటే చాలు గదా అని. ఆయన తల అడ్డంగా ఊపి, "గట్ల పాడితే నిన్ను ఎర్కలేనోడు పాడినట్టుంటది బిడ్డా" అన్నాడు. ఇంక అడగలేదు.

మా కూతురికి ఎనిమిదేళ్ళు. ప్రతి ఏడూ పాట అయిపోగానే వచ్చి, నాయినా రెండుసార్లు ఎందుకు పలకలేదు అని అడుగుతుంది. ఒక ఏడు మైకు పని చెయ్యలేదన్నాను, ఒక ఏడు సముద్రం హోరులో వినబడలేదన్నాను. ఈ ఏడు మాత్రం నిజం చెప్పాను. "భయమైంది బిడ్డా" అన్నాను. "ఎవలకు భయపడ్డవ్?" అంది. చెబుదామని గుర్తు చేసుకున్నాను. ఆ అద్దాల హాలు, ఆ మూడు వందల కుర్చీలు, మొదటి వరస, రెండో వరస. మూడో వరసలో గొంగడి పట్టుకుని పైకి చూస్తున్న మా పెద్దనాయన ముఖం ఒక్కటే కనిపించింది. మిగతా కుర్చీల్లో ఎవరు కూచున్నారో ఎంత తలచుకున్నా ఒక్క ముఖమూ గుర్తు రాలేదు.